రాతిలో మనిషిని, బూడిదలో నిప్పును చూచిన ఫుట్ దొరగారు

మన శతజయంతి సంచికలో మిషనరీ దొరల చరిత్రలు, దొరసానమ్మల సేవా విశేషాలు, తొలి బాప్తిస్మముల సంగతులు వ్రాయడానికి మనలో తగిన పెద్దలు చాలామంది ఉన్నారు. మేము ఆ దారి విడిచి, ఏ మిషనులోనూ జీతము పుచ్చుకోని ఒక దొరగారిని గూర్చి వ్రాయదలచాము. ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. రాళ్ళను పరిశీలించడము ఆయన ఉద్యోగము. మన దక్షిణ దేశములో మనిషి ఎంత పాతవాడో మొదట చూపించినవాడు ఆయనే.

ఇటువంటి సంచికలో ఈయన ఎందుకని కొందరు అడుగుతారు. మన సంఘములోని యువజనులు కళాశాలల నుండి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తెస్తున్నారు. భూమి మీద మనిషి లక్షల ఏండ్ల నుండి ఉన్నాడని, రాతి పనిముట్లు చేశాడని, నిప్పు రాజేశాడని పాఠ్యపుస్తకాలలో చదువుతున్నారు. ఆదివారము ఆదికాండము వింటున్నారు. ఈ రెంటినీ ఎలా పట్టుకోవాలో తెలియక, కొందరు పుస్తకాన్ని, కొందరు సంఘాన్ని విడిచిపెడుతున్నారు. ఈ ప్రశ్నకు ఒక ప్రసంగము చెప్పడముకన్న ఒక మనిషి జీవితము చెప్పడము మేలని మాకు తోచింది.

కొత్తపేటలో పుట్టి పెరిగినవారికి రాయి కొని తెచ్చుకునే వస్తువే. గౌతమికీ వశిష్ఠకూ నడుమనున్న మన నేల అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. నుయ్యి తవ్వినా చెరువు తవ్వినా మన్ను, ఇసుక తప్ప రాయి తగలదు. రుబ్బురోలు, సన్నికల్లు పైనుంచి రావలసినవే. కాటన్ దొరగారు 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించినప్పుడు రాయికి అక్కడి కొండలనే ఆశ్రయించారు. కాబట్టి రాతిని చదివే విద్య మనకు కొంచెము దూరము. నిప్పు, బూడిద మాత్రము మనకు బాగా తెలుసు. పిడకల దాలి మీద ఎర్రగా కాగిన పాలు, కొబ్బరి డొక్కల మంట, కచ్చికతో పండ్లు తోముకున్న ఉదయాలు మనలో పెద్దవారు మరచిపోలేదు. ఫుట్ గారి కథలో రాయీ ఉన్నది, పేడ పిడక బూడిదా ఉన్నది.

ఆయన 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హాం పట్టణములో జన్మించారు. 1858 డిసెంబరులో, ఇరువదినాలుగేండ్ల వయస్సున, భారత భూగర్భ సర్వే శాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చారు. ఎక్కడ ఏ రాయి ఉన్నది, ఎక్కడ బొగ్గు దొరుకుతుంది, ఏ కొండలో ఇనుము ఉన్నది అని వెదకి పటము గీయడము ఆ శాఖవారి పని. ప్రభుత్వానికి కావలసినది ఖనిజ సంపద. మనిషి పుట్టుపూర్వోత్తరాలు తవ్వమని ఆయనకు ఎవరూ జీతమివ్వలేదు.

ఆయన వివాహము మన సంఘస్థులకు ఆసక్తికరమైనది. రెవరెండు పీటర్ పెర్సివల్ గారి కుమార్తెను ఆయన పెండ్లి చేసుకున్నారు. పెర్సివల్ గారు యాళ్ళపాణములో వెస్లియన్ మిషనరీగా పనిచేసి, తమిళ బైబిలు అనువాదాన్ని నడిపించినవారు. ఆ పనిలో ఆయనకు తోడ్పడినది శైవ పండితుడైన ఆరుముగ నావలరు. తరువాత పెర్సివల్ గారు మద్రాసు వచ్చి, మన భాషకు కూడ ఒక తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు కూర్చారు. ఆ విధముగా మామగారు మాటల మూలాలు వెదకుతుండగా అల్లుడుగారు రాళ్ళ మూలాలు వెదకారు. ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర సంభాషణ ఎలా సాగేదో వినాలని మాకు ఆశగా ఉంటుంది.

1863 మే 30న ఫుట్ గారు మద్రాసు దగ్గర పల్లావరములో, సైనికుల కవాతు మైదానము ప్రక్కన, కంకర కోసము తవ్విన గుంటలో దిగారు. ఎర్రని కంకరలో ఒక రాయి కనబడింది. అది నీటిలో దొర్లి నునుపు తేలిన గులకరాయి కాదు. రెండు వైపులా పెచ్చులు కొట్టి, అంచు పదును తేర్చి, చేతిలో ఇమిడేటట్టు చేసిన గొడ్డలి. కొట్టిన దెబ్బలు ఒక వరుసలో ఉన్నాయి. వరదకు, ఎండకు పగిలిన రాయికి అలాటి వరుస ఉండదు. ఆ ఏడే సెప్టెంబరులో తన తోటి ఉద్యోగి విలియం కింగ్ గారితో కలిసి తిరువళ్ళూరు ప్రాంతములోని అత్తిరంపాక్కము అనే గ్రామము దగ్గర వాగులో అటువంటి పనిముట్లు ఇంకా చాలా కనుగొన్నారు. ఈ కింగ్ గారే తరువాత మన గోదావరి జిల్లా కోస్తా భూగర్భ వివరాలు వ్రాసినవారు. పల్లావరపు రాయి మొదటిది అయినా, అత్తిరంపాక్కము లేకపోతే అది ఒంటరి సాక్షిగానే మిగిలేది.

ఆ రోజులలో ఇది ఎంత పెద్ద సంగతో ఇప్పుడు ఊహించడము కష్టము. ఫ్రాన్సులో బూషే ద పెర్త్ అనే ఆయన ఇటువంటి రాళ్ళు చూపిస్తే పండితులు ఏండ్ల తరబడి నవ్వారు. 1859లో ఇంగ్లండు నుండి కొందరు శాస్త్రజ్ఞులు వెళ్ళి చూచి వచ్చాకనే నమ్మకము కుదిరింది. దానికి నాలుగేండ్లలోనే మన దేశములో అదే పని కనబడింది. భారతదేశము చరిత్ర అంటే శాసనాలు, గుళ్ళు, తాళపత్రాలు అనుకుంటున్న కాలములో, వాటికన్నిటికీ వెనుక ఎంతో దూరము ఉన్నదని ఒక్క రాయి చెప్పింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ కాలపు ఇంగ్లీషు బైబిళ్ళ అంచులలో సృష్టి జరిగిన సంవత్సరము క్రీస్తుకు పూర్వము 4004 అని అచ్చువేసి ఉండేది. అది లేఖనములోని మాట కాదు. ఐర్లండులోని అర్మా ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ గారు వంశావళులు కూడి, తీసివేసి, 1650లో ప్రకటించిన లెక్క. ఆయన పండితుడే, భక్తుడే. కాని అంచున ఉన్న అంకెను మూలములో ఉన్న వాక్యముతో సమానముగా పట్టుకున్నవారు పల్లావరపు రాయిని చూచి భయపడ్డారు. మేము వేదాంత కళాశాలలో చదివిన తరువాత ఈ అంకెను గూర్చి మా సంఘాలలో దాచకుండా చెబుతూ వచ్చాము. రాయి తగిలినది అంచుకే.

ఫుట్ గారు ఈ గొడవలోకి దిగి వాదించిన మనిషి కాదు. రాయి దొరికిన చోటు, పొర, లోతు, దానితో ఉన్న ఇతర వస్తువులు వ్రాసుకొని ముందుకు సాగిపోయేవారు. ముప్పైమూడేండ్ల సర్వే ఉద్యోగములో కడప, కర్నూలు, నెల్లూరు, బళ్ళారి ప్రాంతాలను గుడారములతో తిరిగారు. నెల్లూరు జిల్లా ఉత్తర భాగము నుండి బందరు వరకు కోస్తా వివరాలను 1879లో ప్రకటించారు. మద్రాసు రాజధాని, మైసూరు, బరోడా మొదలైన చోట్ల ఆయన గుర్తించిన ప్రాచీన స్థలాలు నాలుగు వందలకు పైబడినవి. పాత రాతియుగపు మనిషి క్వార్ట్‌జైటు అనే గట్టి రాతిని ఎంచుకున్నాడని, కొత్త రాతియుగపు మనిషి నల్లని డోలరైటును అరగదీసి నునుపు గొడ్డళ్ళు చేశాడని తేడా కనిపెట్టారు.

ఇక నిప్పు సంగతి. బళ్ళారి ప్రాంతములో, ఆ రోజులలో అది తెలుగు కన్నడములు కలిసిన దత్త మండలము, విచిత్రమైన బూడిద దిబ్బలు ఉన్నాయి. కొన్ని ఇంటి ఎత్తు ఉంటాయి. కొంత మెత్తని బూడిద, కొంత గాజులా కరిగి గడ్డకట్టిన చిట్టెము. న్యూబోల్డు అనే సైనికాధికారి 1836లోనే వీటిని గూర్చి వ్రాశారు. ఊరివారికి ఎవరి కథలు వారికి ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురములోని దిబ్బను వాలిని దహనము చేసిన చోటు అంటారు. చదువుకున్నవారి ఊహలు కూడ అంతకన్న మేలుగా లేవు. అగ్నిపర్వతము అన్నారు, ఇనుము కరిగించిన కొలిమి అన్నారు. రాబర్ట్ సెవెల్ వంటి చరిత్రకారులు వీటి కాలాన్ని విజయనగరపు రోజుల దాకా దగ్గరకు లాక్కొచ్చారు.

ఫుట్ గారు 1870 తరువాత ఈ దిబ్బల చుట్టూ ఓపికగా తిరిగారు. బళ్ళారి దగ్గర కప్‌గల్ కొండ మీద నునుపు గొడ్డళ్ళు చేసిన రాతి కార్ఖానా ఉన్నది. దానిని జిల్లా ఇంజనీరు ఫ్రేజరు గారు ముందుగా గుర్తించారు. దిబ్బలలోను, వాటి ప్రక్కన పొలాలలోను అవే నునుపు గొడ్డళ్ళు, చేతితో చేసిన కుండల పెంకులు, పశువుల ఎముకలు ఫుట్ గారికి కనిపించాయి. ఇనుము పనివాని ఊరిలో రాతి గొడ్డలికి ఏమి పని? ఆయన తీర్పు సూటిగా ఉన్నది. ఇవి కొత్త రాతియుగపు పశువుల కాపరుల దొడ్లు. అక్కడ ఏండ్ల తరబడి పోగుపడిన పేడ కాలగా మిగిలిన బూడిద ఇది.

పేడ కాలితే గాజు అవుతుందా అని పట్టణవాసులు అడగవచ్చు. వరికోతలో గడ్డి చేతిని కోసిన అనుభవము ఉన్న మనవారు అడగరు. గడ్డిలోను ఆకులోను ఇసుకవంటి సిలికా సన్నని రేణువులుగా ఉంటుంది. పశువు గడ్డి అరిగించుకున్నా అది అరగదు, పేడలో బయటికి వస్తుంది. పెద్ద కుప్ప లోపల గాలి తగులుతూ చాలాసేపు మండితే, బూడిదలోని క్షారముతో కలిసి ఆ సిలికా కరిగి, చల్లారాక గాజు గడ్డ అవుతుంది. మన దాలిగుంటలో అంత వేడి రాదు గనుక మనకు మెత్తని కచ్చికే దొరుకుతుంది.

ఫుట్ గారి తీర్పును అందరూ ఒప్పుకోలేదు. పేడ కుప్పలు అనేసరికి కొందరికి చిన్నతనముగా కూడ తోచి ఉంటుంది. కొలిమి అన్నా, మహా దహనము అన్నా వినడానికి గంభీరముగా ఉంటుంది. చాలా ఏండ్లు ఆ వాదము తేలకుండానే నిలిచిపోయింది.

ఆయన జీవితములో మరొక పెద్ద పని బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గము గుహలలో జరిగింది. బేతంచెర్ల అప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుండి నంద్యాల జిల్లా. ఈ సున్నపురాతి గుహలలో పాత ఎముకలు ఉన్నట్టు న్యూబోల్డు గారు 1844లో వ్రాశారు. ఆ తరువాత నలభై ఏండ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లండులో ప్రఖ్యాతుడైన హక్స్‌లీ గారు మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ గారిని ప్రోత్సహించగా, ఆ గుహలు వెదకే పని ఫుట్ గారికి అప్పగించారు. తవ్వకము 1884, 1885 సంవత్సరములలో జరిగింది. ఎక్కువ భాగము దగ్గరుండి తవ్వించినది ఆయన కుమారుడు, ఫిరంగి దళములో లెఫ్టినెంటుగా ఉన్న హెన్రీ బ్రూస్ ఫుట్ గారు. మట్టి తవ్వి, తట్టలతో మోసి, జల్లించినవారు ఆ చుట్టుప్రక్కల కూలీలు. వారి పేర్లు ఏ ఫలకము మీదా లేవు.

ఆ గుహలకు పెట్టిన పేర్లు చూస్తే మనవారికి నవ్వు వస్తుంది. ఒకటి కథీడ్రల్ గుహ. ఒకటి చాప్టర్ హౌస్, అనగా పెద్ద దేవాలయములో గురువులు కూడే గది. ఒకటి చార్నెల్ హౌస్, పాత గుడులలో ఎముకలు భద్రపరచే ఇల్లు. మరొకటి మన సంఘము ఒప్పుకోని ఉత్తరించు స్థలము! బిషపులతో బహిరంగముగా వాదించిన హక్స్‌లీ గారి ప్రోద్బలముతో మొదలైన పనికి చివరకు గుడి పేర్లే స్థిరపడ్డాయి.

గుహలలో దొరికిన జంతువుల ఎముకలను లిడెక్కర్ అనే నిపుణుడు 1886లో వర్ణించారు. వాటిలో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టారు. కర్నూలు ఎండలో ఖడ్గమృగము! అంటే అప్పటి నేల, నీరు, అడవి వేరు. వాటితోపాటు మనిషి చెక్కిన ఎముక పనిముట్లు సుమారు 200 దొరికినట్టు ఫుట్ గారు ప్రకటించారు. ఫ్రాన్సు గుహలలోని పనిముట్లతో వాటిని పోల్చారు.

తరువాత జరిగినది విచారకరము. ఆ ఎముక పనిముట్లు కనబడకుండా పోయాయి. 1920లలో కామియాడ్ గారు మళ్ళీ గుహలకు వెళ్ళి చూస్తే ఫుట్ గారి మాటకు బలమిచ్చేది ఏదీ చేతికి రాలేదు. సాక్ష్యము లేని సాక్షిని లోకము ఏమంటుందో మనకు తెలిసినదే. బహుశా జంతువులు కొరికిన ఎముకలను చూచి పొరపడ్డారని అనుమానించారు.

ఆ అనుమానము వినడానికి ఆయన అప్పటికే లేరు. 1891లో సర్వే నుండి విరమించి, బరోడా సంస్థానములోను, ఆపైన మైసూరు సంస్థానములోను భూగర్భ శాఖ పని చూచి, సేలము జిల్లా ఏర్కాడు కొండ మీద స్థిరపడ్డారు. నలభై ఏండ్లుగా పోగుచేసిన రాళ్ళు, పెంకులు ఆ ఇంటిలోనే ఉండేవి. 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియము వాటిని 40,000 రూపాయలకు కొన్నది. ఆ రోజులలో అది చాలా పెద్ద మొత్తము. విదేశానికి పోనివ్వకుండా ఇక్కడే ఉంచడము వలన మనకు కలిగిన మేలు ఆ ధర కన్న పెద్దదని మా అభిప్రాయము. ఎనభయ్యవ పడికి దగ్గరపడినా ఆయన ఒక్కొక్క రాయికి వివరము వ్రాస్తూనే ఉన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో మరణించారు. పట్టిక 1914లో, దానిపై వ్యాఖ్యానము 1916లో వెలువడినవి. అచ్చయిన పుస్తకము ఆయన చూడలేదు. ఏర్కాడు హోలీ ట్రినిటీ దేవాలయములో ఆయన స్మారకము ఉన్నది.

1957లో ఆల్చిన్ గారు అప్పటి మహబూబ్‌నగరు జిల్లా మక్తల్ తాలూకాలోని ఉట్నూరు దిబ్బను తవ్వారు. ఆదిలాబాదు ఉట్నూరు వేరు, ఇది కృష్ణకు దగ్గరిది. బూడిద పొరల క్రింద దొడ్డి చుట్టూ నాటిన కొయ్యల గుంటలు బయటపడ్డాయి. వాటి నడుమ పశువుల గిట్టల ముద్రలు ఉన్నాయి. నాలుగువేల ఏండ్లకు పైగా గడిచినా, నిన్న సాయంకాలము మందను తోలినట్టే ఉన్నాయి. జోయినర్ అనే శాస్త్రజ్ఞుడు బళ్ళారి బూడిదను సూక్ష్మదర్శినితో పరీక్షించి అది పేడే అని తేల్చారు. అనంతపురము జిల్లా పాలవాయి దిబ్బను తవ్విన తిరుపతి విశ్వవిద్యాలయపు రామిరెడ్డి గారి పని కూడ ఈ వరుసలోదే. దొడ్డి ప్రమాదవశాత్తు కాలలేదని, పదేపదే కావాలనే కాల్చారని ఆల్చిన్ గారు భావించి, మన సంక్రాంతి, హోలీ మంటలతో దానిని పోల్చారు. భోగినాడు పిడకల దండలు వేసే మన ఊళ్ళవారికి ఆ పోలిక వింతగా తోచదు.

గుహల సంగతి 1970లలో తేలింది. ఎం. ఎల్. కె. మూర్తి గారు, తిమ్మారెడ్డి గారు కర్నూలు గుహలకు తిరిగి వెళ్ళారు. ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో, అక్కడివారు గుహను గవి అంటారు, మూర్తి గారి తవ్వకములో ఎముక పనిముట్లు దొరికాయి. ఫుట్ గారు చెప్పినది నిజమని రుజువైంది. అంతకన్న విలువైనది మరొకటి కనబడింది. అది మనుష్యులు నిప్పు రాజేసిన పొయ్యి జాడ. దానిలోని కాలిన మట్టిని పరీక్షించి, నంబి గారు, మూర్తి గారు 1983లో దాని వయస్సు సుమారు 17,000 ఏండ్లు అని ప్రకటించారు.

మట్టి వయస్సు ఎలా చెబుతారు? నేలలో సహజముగా ఉండే రేడియోధార్మికత వలన మట్టి రేణువులలో కొద్దికొద్దిగా శక్తి నిలువ అవుతుంది. గాదెలో ధాన్యము నిండినట్టు అనుకోండి. నిప్పు తగిలితే గాదె ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. పొయ్యి ఆరిన నాటి నుండి మళ్ళీ గింజగింజగా నిండడము మొదలవుతుంది. ప్రయోగశాలలో ఆ మట్టిని వేడిచేస్తే నిలువ ఉన్న శక్తి వెలుగుగా బయటికి వస్తుంది. ఆ వెలుగు కొలిచి, ఏటికి ఎంత నిండుతుందో లెక్కగట్టి, చివరిసారి నిప్పు ఎప్పుడు తగిలిందో చెబుతారు.

బూడిద కనబడిన ప్రతిచోటా మనిషి ఉన్నాడని అనుకోరాదు. కర్నూలు గుహలకు ఎంతో దూరము లేని జ్వాలాపురములో, పేరే జ్వాలాపురము, నేలలో తెల్లని బూడిద పొర ఉన్నది. గ్రామస్థులు దానిని తవ్వి, సామాన్లు తోమే పొడికి అమ్మేవారు. అది సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపములో పేలిన టోబా అగ్నిపర్వతము నుండి గాలికి వచ్చి పడిన ధూళి. ఆ పొరకు క్రిందా పైనా మనిషి రాతి పనిముట్లు దొరికినట్టు 2007లో పెట్రాగ్లియా, కొరిసెట్టరు గార్ల బృందము ప్రకటించింది. ఫుట్ గారు బళ్ళారిలో చేసిన పని ఇలాటి విచక్షణే. ఏ బూడిద ఎవరిదో తేల్చడానికి, దాని ప్రక్కన ఏమి పడి ఉన్నదో చూడాలి.

అత్తిరంపాక్కములో ఆయన ఎత్తిన రకము గొడ్డళ్ళ వయస్సును శాంతి పప్పు గారి బృందము 2011లో సుమారు 15 లక్షల ఏండ్లు అని లెక్కగట్టింది. అంత పాత చోట నిప్పు ఉన్నా బూడిద మిగలదు. వానకు, గాలికి అది ఎప్పుడో పోతుంది. మిగిలేది రాయి. రాతికి నిప్పు తగిలితే లోపలి నిర్మాణము మారుతుంది. బాగా కాలితే పగుళ్ళు, రంగు కంటికి కనబడతాయి. కొద్దిగా వేడెక్కినది కనబడదు. 2022లో ఇశ్రాయేలు శాస్త్రజ్ఞులు పశ్చిమ గలిలయలో, న్యాయాధిపతుల గ్రంథములో మనము చదివే అక్కో పట్టణానికి ఉత్తరమున, ఎవ్రోన్ అనే రాతి గనిలో దొరికిన చెకుముకి పనిముట్ల మీదికి కాంతి కిరణము పంపి, తిరిగి వచ్చిన వెలుగును కంప్యూటరు చేత చదివించారు. ఎనిమిది లక్షల నుండి పది లక్షల ఏండ్ల నాటి ఆ రాళ్ళలో కొన్నిటికి నిప్పు తగిలినదని తేలింది. కొన్ని 400 డిగ్రీలు దాటి వేడెక్కినవి. కంటికి మాత్రము కాలిన గుర్తు ఏదీ లేదు. అక్కడ మండినది మనిషి రాజేసిన నిప్పా, అడవిలో పుట్టిన దావాగ్నియా అని వారు కూడ తొందరపడి తీర్మానించలేదు.

ఆ పద్ధతిని కంప్యూటరుకు నేర్పినది చెకుముకి రాతి మీద. మద్రాసు మ్యూజియములో ఫుట్ గారు అప్పగించిన పాత రాతియుగపు గొడ్డళ్ళలో ఎక్కువ భాగము క్వార్ట్‌జైటు.